సగమే కలుస్తుందన్న కుటుంబంలో పూర్తి దాత: మేనరికం, హెచ్‌ఎల్‌ఏ, ఒక మూలకణాల మార్పిడి

ఈ కేసు రాయడానికి రోగి, దాత ఇద్దరూ లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. హైదరాబాద్‌లో రక్తవ్యాధుల వైద్యుడిగా నేను ఎక్కువ కాలం గడిపింది లుకేమియా (రక్తక్యాన్సర్) రోగులతో, మూలకణాల మార్పిడి (రోగి మజ్జ స్థానంలో దాత మూలకణాలు ఇచ్చే చికిత్స) వార్డులో. ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటే: దాతను ఎక్కడ వెతకాలి? మన కుటుంబాల్లో ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో లేని జవాబు ఒకటుంది. ఈ కేసు దాన్ని స్పష్టంగా చూపిస్తుంది కాబట్టి రాస్తున్నాను.

రోగి

22 ఏళ్ల యువకుడు. చిగుళ్లు వాచి రక్తం కారుతుంటే ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆయన పన్ను ముట్టుకోకుండా రక్తపరీక్షకు పంపారు. ఆ జాగ్రత్తే అబ్బాయిని కాపాడింది. తెల్ల రక్తకణాలు 86,000 ఉన్నాయి, వాటిలో అధికభాగం బ్లాస్టులే (ముదరని లుకేమియా కణాలు). ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అని తేలింది. క్రోమోజోములు మామూలుగానే ఉన్నాయి. ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువులో ఐటీడీ అనే మార్పు కనిపించింది. ఎన్‌పీఎం1 మార్పు లేదు. ఈ కలయికలో కీమోథెరపీతో జబ్బు అణగినా మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే మొదటి రెమిషన్‌లోనే (జబ్బు అణగి ఉన్న దశలోనే) మార్పిడికి వెళ్లడం మంచిది.

మొదటి విడత చికిత్స వేరే చోట జరిగింది: ఏడు రోజుల సైటరబీన్, మూడు రోజుల డానోరుబిసిన్, ఆ తర్వాత ఎఫ్‌ఎల్‌టీ3ని అడ్డుకునే మిడోస్టౌరిన్. కణాలు సున్నాకు పడిపోయిన రోజుల్లో యాంటీబయాటిక్స్‌కు లొంగని జ్వరం వచ్చింది. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డలాంటి నీడ, దాని చుట్టూ మసకగా ఒక వలయం. రక్తంలో గాలక్టోమన్నన్ (ఫంగస్ ఆనవాలు) పాజిటివ్. వానాకాలంలో, ఎక్కడ చూసినా తవ్వకాలూ దుమ్మూ ఉండే మన నగరంలో ఆస్పర్జిల్లస్ ఫంగస్ మాకు పాత శత్రువు. వోరికొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు, నీడ తగ్గుతూ వచ్చింది. జబ్బు కూడా రెమిషన్‌లోకి వెళ్లింది. మా దగ్గరికి వచ్చేనాటికి అబ్బాయి చేతిలో ఆ స్కాన్లతో పాటు, దాతా రోగీ సరిపోతారో లేదో చెప్పే ఒక హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు ఉంది. దాని కింద ఒక వాక్యం: పూర్తిగా సరిపోయే దాత లేరు, తండ్రి సగం సరిపోతారు, హాఫ్ మ్యాచ్ మార్పిడికి సిద్ధం చేయవచ్చు.

చెల్లెలి రిపోర్టు

పరీక్ష చేసింది ఇద్దరికే, అబ్బాయికి, 19 ఏళ్ల చెల్లెలికి. సంతానం ఆ ఇద్దరే. చెల్లెలి పేరు పక్కన 'హాఫ్ మ్యాచ్' అని ఉంది. అది తప్పు కాదు. కానీ ఆమె వరుసను నిదానంగా చదివితే ఒక విశేషం కనిపించింది. ఏ*33:03, ఏ*33:03. బీ*44:03, బీ*44:03. డీఆర్‌బీ1*07:01, డీఆర్‌బీ1*07:01. ప్రతి స్థానంలోనూ ఒకే సంఖ్య రెండుసార్లు వచ్చింది.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటాయి. సాధారణంగా విడిపోకుండా ఒకే గుంపుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఈ గుంపునే హాప్లోటైప్ అంటాం. ప్రతి మనిషికీ రెండు హాప్లోటైపులు. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమన్న లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. తల్లిదండ్రులు ఎప్పుడూ సగమే అన్న మాటకూ ఇదే ఆధారం. అయితే ఆ మాట చెప్పేటప్పుడు తల్లి హాప్లోటైపులు, తండ్రి హాప్లోటైపులు నాలుగూ వేర్వేరని ముందే అనుకుంటున్నాం. చెల్లెలికి రెండువైపుల నుంచీ ఒకటే వచ్చిందంటే, ఆ తల్లిదండ్రులిద్దరి దగ్గరా అది ఉన్నట్టే.

ఇది యాదృచ్ఛికం కావచ్చు కూడా. ఏ33, బీ44, డీఆర్7 కలిసి రావడం భారతీయుల్లో తరచుగా కనిపించేదే. అందుకని మొదట అడగాల్సింది ల్యాబును కాదు, తల్లిని.

"మీది మేనరికమా అమ్మా?"

ఆమె తల వంచుకుని, "అవును సార్, మా అమ్మ తమ్ముడే" అంది. వెంటనే, "దానివల్లే వచ్చిందా సార్ వాడికి?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. ఆమె ఆ మాటను ఎన్నాళ్లుగా లోపల దాచుకుందో ముఖం చూస్తే తెలుస్తోంది. చుట్టాలు ఎవరో అనే ఉంటారు. మేనరికం వల్ల పెరిగే ప్రమాదం వేరే రకం జబ్బులది: తలసీమియా, ఫాన్కోని అనీమియా లాంటివి, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడేవి. మీ అబ్బాయి లుకేమియా కణాల్లో కనిపించిన ఎఫ్‌ఎల్‌టీ3 మార్పు పుట్టుకతో వచ్చింది కాదు, పెళ్లి సంబంధంతో దానికి లంకె లేదు, అని చెప్పాను. మేనరికం చేసుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ అప్పటికే జరిగిన పెళ్లిని నేరంగా మోస్తున్న తల్లికి ఆ భారం దించడం కూడా వైద్యుడి పనే.

రంగు పెన్నులతో వంశవృక్షం

టేబుల్ మీద తెల్లకాగితం పెట్టి కుటుంబాన్ని గీశాం. తండ్రి, ఆయన అక్క (అంటే అబ్బాయి అమ్మమ్మ), ఆమె భర్త, వాళ్ల పిల్లలు. తండ్రికీ ఆయన అక్కకూ ఉమ్మడిగా ఉన్న హాప్లోటైపుకు ఎరుపు వేశాను. అది అక్క నుంచి ఆమె కూతురికి, అంటే అబ్బాయి తల్లికి వచ్చింది. తల్లికి రెండోది తన తండ్రి నుంచి వచ్చిన ఆకుపచ్చ. తండ్రికి ఎరుపుతో పాటు నీలం. చెల్లెలు ఎరుపు, ఎరుపు. అబ్బాయి రిపోర్టులోనూ ఎరుపు ఉంది. రెండోది ఆకుపచ్చో నీలమో తెలియాలి.

రెండింటిలో ఏదైనా మంచివార్తే. నీలమైతే అబ్బాయి తండ్రికి పూర్తిగా సరిపోతాడు, ఆకుపచ్చయితే తల్లికి. సగం దాత కోసం సిద్ధమైన కుటుంబంలో తల్లిదండ్రుల్లో ఒకరు పూర్తి దాత అయ్యే పరిస్థితి కాగితం మీద కళ్ల ముందు తేలింది. తల్లిదండ్రులిద్దరికీ హై రిజల్యూషన్ టైపింగ్ (హెచ్‌ఎల్‌ఏను మరింత సూక్ష్మంగా చూసే పరీక్ష) పంపాం. తల్లి పదికి పది, అంటే పోల్చిన పది హెచ్‌ఎల్‌ఏ గుర్తులూ కలిశాయి.

అక్కడితో ఆగలేదు. తల్లి వయసు 41, మూడు కాన్పులు (ఒక బిడ్డ దక్కలేదు), హిమోగ్లోబిన్ 9. గర్భధారణలు అయిన స్త్రీ కణాలు మగ రోగికి ఇస్తే దీర్ఘకాలిక గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ జబ్బు ఎక్కువగా వస్తుంది. దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా చూసి దాడి చేయడమే ఆ జబ్బు, ఇకపై జీవీహెచ్‌డీ అంటాను. తల్లి సరిపోయిందంటే, తల్లి తోబుట్టువుల్లో ఆమెతో సరిపోయేవారు అబ్బాయికీ సరిపోతారు. ఒక్కొక్కరికి అవకాశం 25 శాతం. ఆమెకు ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. ముగ్గురూ వచ్చారు. పెద్ద తమ్ముడు, 36 ఏళ్లు, ఆరోగ్యవంతుడు, పదికి పది. అబ్బాయికి ఆయన మేనమామ.

ఇప్పుడు హాఫ్ మ్యాచ్ మార్పిడి బాగానే జరుగుతోంది కదా, ఈ వెతుకులాట ఎందుకని జూనియర్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కణాలు ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతిని బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు రూపొందించారు. దానివల్ల సగం సరిపోయిన దాతలతోనూ మంచి ఫలితాలు వస్తున్నాయి. నా రోగుల్లో చాలామందికి అదే దారి. కానీ ఆ పద్ధతిలో కొత్త కణాలు నిలదొక్కుకోవడానికి సాధారణంగా మరికొన్ని రోజులు పడుతుంది, వైరస్‌ల బెడదా ఎక్కువే. ఊపిరితిత్తిలో ఫంగస్ మచ్చ మిగిలి ఉన్న ఈ అబ్బాయికి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) లేని ప్రతి రోజూ ప్రమాదమే. పైగా సగం దాతగా అనుకున్న తండ్రికి వయసు 52, మధుమేహం ఉంది. వారం పది రోజుల వెతుకులాట ఇక్కడ వృథా కాదు. జబ్బు చేయి దాటుతున్న రోగి అయితే నేను ఆగేవాణ్ని కాను.

చెల్లెలి రక్తం ఎందుకు వద్దన్నాం

ఈ కేసులో అందరూ తెలుసుకోవాల్సింది దాత ఎంపికే కాదు, ఇదీ ఉంది. మన దగ్గర ఇంట్లో ఒకరికి రక్తం కావాలంటే ముందు పరిగెత్తుకొచ్చేది తోబుట్టువులే. చెల్లెలు అప్పటికే ప్లేట్‌లెట్లు ఇస్తానని పేరు రాయించుకుంది. ఆమె బ్లడ్ గ్రూపూ కలిసింది. వద్దన్నాం.

కారణం ఆ ఎరుపు, ఎరుపే. ఎక్కించిన రక్తంలో దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) కొన్ని వస్తాయి. మామూలుగా రోగి శరీరం వాటిని పరాయివిగా గుర్తుపట్టి నిర్మూలిస్తుంది. చెల్లెలి కణాల మీద ఎరుపు తప్ప మరేమీ లేదు. ఎరుపు అన్నకూ ఉంది కాబట్టి అతని శరీరం వాటిని తనవే అనుకుని ఊరుకుంటుంది. ఆ కణాలు మాత్రం అన్నలోని ఆకుపచ్చను పరాయిదిగా చూసి దాడి మొదలుపెడతాయి. చర్మం, పేగులు, కాలేయంతో పాటు మజ్జను కూడా నాశనం చేసే ఈ పరిస్థితి వస్తే 90 శాతానికి పైగా బతకరు. ప్లేట్‌లెట్లు ఎక్కించడం అనే మామూలు పనిలో ఇంత ముప్పు దాగి ఉంటుంది. రక్తసంబంధీకుల రక్తం ఎక్కించక తప్పకపోతే సంచిని 25 గ్రే మోతాదులో రేడియేషన్‌కు గురిచేసి ఇవ్వాలి. మేనరికం ఉన్న కుటుంబాల్లో ఇది మరీ ముఖ్యం.

కాబోయే దాత రక్తం కూడా మార్పిడికి ముందు రోగికి ఎక్కించకూడదు. రోగి శరీరం ముందే దాత కణాలకు వ్యతిరేకంగా సిద్ధమైతే మార్పిడి తిరస్కరణకు గురయ్యే అవకాశం పెరుగుతుంది. అందుకని మేనమామనూ ఆపాం. అబ్బాయి స్నేహితులు, వాళ్ల స్నేహితులు వరుసగా వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చారు.

మార్పిడికి ముందు

మేనరికం ఉందని తెలిశాక చేయాల్సిన మరో పరీక్ష ఉంది. ఫాన్కోని అనీమియా ఉన్నవారికి యుక్తవయసులో లుకేమియాయే మొదటి లక్షణంగా రావచ్చు. అలాంటివారికి మామూలు మోతాదులో కండిషనింగ్ మందులు (మార్పిడికి ముందు మజ్జను ఖాళీ చేసేవి) ఇస్తే ప్రాణానికే ముప్పు. అబ్బాయి ఎత్తు, బొటనవేళ్లు, చర్మం అన్నీ మామూలుగానే ఉన్నాయి. మొదటి విడత కీమోథెరపీ తర్వాత మజ్జ కోలుకోవడంలోనూ అనుమానించాల్సిందేమీ లేదు. అయినా మైటోమైసిన్‌తో క్రోమోజోముల పరీక్ష చేయించాం, నార్మల్. వంశపారంపర్యంగా లుకేమియాకు దారితీసే జన్యులోపాలు దాతలోనూ ఉంటే మార్పిడి అర్థరహితమవుతుంది కాబట్టి చర్మకణాలతో ఆ పరీక్షా చేయించాం. అదీ శుభ్రంగా ఉంది.

మేనమామకు అబ్బాయి మీద ప్రాణం. ఆయన భార్యకు మాత్రం భయం: "నడుములో గుజ్జు తీసేస్తే ఇక బరువు ఎత్తలేడటగా?" ఆమెను యంత్రం దగ్గరికి తీసుకెళ్లి చూపించాం. నాలుగైదు రోజులు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు మజ్జ నుంచి రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి, అక్కడ మూలకణాలు వేరుపడి మిగతా రక్తం రెండో చేతిలోకి. నాలుగైదు గంటల పని. ఇంజెక్షన్ల రోజుల్లో ఎముకల నొప్పి వస్తుంది, పారాసెటమాల్‌తో తగ్గుతుంది. ఆమె యంత్రాన్ని చాలాసేపు చూసి, సంతకం చేసే గదిలోకి భర్తతో పాటు తనూ వచ్చింది.

ఆయనది బీ పాజిటివ్, అబ్బాయిది ఓ పాజిటివ్. గ్రూపు కలవనప్పుడు మార్పిడి ఎలా అని ఇంట్లో అందరూ అడిగారు. గ్రూపును నిర్ణయించే జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది, హెచ్‌ఎల్‌ఏ ఆరో దాని మీద. గ్రూపు కలవకపోయినా మార్పిడి చేయవచ్చు. ఎర్రకణాలు కుదురుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది.

మార్పిడి

రెండు విడతల హై డోస్ సైటరబీన్ తర్వాత ఎంఆర్‌డీ (మిగిలిన లుకేమియా కణాలను వెతికే పరీక్ష) నెగెటివ్, సీటీలో చిన్న మచ్చ. ఫ్లూడారబీన్, బుసల్ఫాన్‌తో కండిషనింగ్ ఇచ్చాం. బుసల్ఫాన్ ఇచ్చే రోజుల్లో వోరికొనజోల్ ఆపి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ అనే మరో ఫంగస్ మందు వాడాం. వోరికొనజోల్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు జీవీహెచ్‌డీ రాకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మోతాదును సగానికి తగ్గించాం. ఆ మందు సైక్లోస్పోరిన్‌ను రక్తంలో పేరుకుపోయేలా చేస్తుంది, చూసుకోకపోతే ముందు మూత్రపిండాలు దెబ్బతింటాయి.

జీవీహెచ్‌డీ రాకుండా సైక్లోస్పోరిన్‌తో పాటు మెథోట్రెక్సేట్, 1, 3, 6, 11వ రోజుల్లో. ఎనిమిదో రోజుకు నోరంతా పుండ్లు, ఉమ్మి కూడా మింగలేకపోయాడు. మార్ఫిన్ పెట్టాం. నాలుగో మోతాదు ఇవ్వాలా వద్దా అన్నది ప్రతి వార్డులోనూ వచ్చే చర్చే. మానేస్తే నోరు త్వరగా మానుతుంది, కానీ తర్వాత జీవీహెచ్‌డీ భయం. మెథోట్రెక్సేట్ దెబ్బను తగ్గించే ఫోలినిక్ యాసిడ్ రక్షణతో మోతాదు ఇచ్చాం.

మెథోట్రెక్సేట్ పేరు చార్టులో రాసిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన మనిషి. 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపిన ప్రయోగశాల బృందం. దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో పరిశోధక వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించింది కూడా వాళ్లే. లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. ఆ రోజు మా రోగికి ఒక సీసాలో ఇచ్చిన మందు, మరో సీసాలో ఇచ్చిన రక్షణ రెండూ ఫోలిక్ యాసిడ్ మీద జరిగిన ఆ పని నుంచి వచ్చినవే. ఈ సంగతి మా వైద్య విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతాను, చెప్పేటప్పుడు ప్రతిసారీ గర్వంగా ఉంటుంది.

15వ రోజుకు న్యూట్రోఫిల్స్ 500 దాటాయి, 19వ రోజుకు ప్లేట్‌లెట్లు 20,000 దాటాయి. ఊపిరితిత్తి మచ్చ పెరగలేదు.

ఆ తర్వాత

30వ రోజు కైమెరిజం (రక్తకణాలు రోగివా, దాతవా అని చూసే) పరీక్షలో రక్తం నూరు శాతం దాతదే. 34వ రోజు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంట పుట్టింది. మిగతా ఒంటి మీద కొంచెమే. విరేచనాలు లేవు, బిలిరుబిన్ పెరగలేదు. పూత మందుతోనే తగ్గింది. ఎర్రకణాలు మాత్రం అనుకున్నట్టే సతాయించాయి. రెండు నెలలు దాటేదాకా ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తూనే ఉన్నాం. సీఎంవీ వైరస్ ఒకసారి లేచింది, వాల్‌గాన్‌సైక్లోవిర్‌తో అణిగింది.

ఎఫ్‌ఎల్‌టీ3 ఉన్నవారికి మార్పిడి తర్వాత సొరాఫెనిబ్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో వెలువడిన జర్మనీ, ఆస్ట్రియా పరిశోధన చూపింది. మూడో నెలలో తక్కువ మోతాదుతో మొదలుపెట్టాం. ఈ మాత్రకు మన ఊరితో ఒక సంబంధం ఉంది. 2012 మార్చిలో దేశంలోనే మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు ఉన్న మందును వేరే కంపెనీ తయారుచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) దక్కింది ఈ మందుకే, పొందింది హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ల కోసం ఇచ్చిన ఆ అనుమతితో నెలకు దాదాపు 2.8 లక్షల రూపాయలున్న మందు 8,880 రూపాయలకు దిగింది. రెండేళ్ల పాటు మాత్ర రాసిచ్చినప్పుడు కుటుంబం దాన్ని కొనగలదా అన్నది వైద్య ప్రశ్నే. ఈ కుటుంబం కొనగలిగింది.

ఆరో నెలలో అరచేతుల్లో మళ్లీ మంట వచ్చింది. ఈసారి బైకు హ్యాండిల్ పట్టుకునే చోట, చెప్పు ఒరుసుకునే చోట మాత్రమే బొబ్బలు. జీవీహెచ్‌డీ ఇలా ఒత్తిడి పడే చోట్లను ఎంచుకోదు, ఇది సొరాఫెనిబ్ దుష్ప్రభావం. సొరాఫెనిబ్ పది రోజులు ఆపితే మానింది, తగ్గించి మళ్లీ ఇచ్చాం. స్టెరాయిడ్ జోలికి వెళ్లలేదు.

మార్పిడి జరిగి ఇప్పుడు రెండేళ్లు దాటింది. ఎంఆర్‌డీ నెగెటివ్, బ్లడ్ గ్రూపు బీ పాజిటివ్. సైక్లోస్పోరిన్ తొమ్మిదో నెలకే ఆపాం, సొరాఫెనిబ్ గత నెల ఆపాం. కళ్లు పొడిబారడం, కారం తింటే నోరు మండడం మిగిలాయి. చుక్కల మందు వాడుతున్నాడు. చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాం, తట్టు టీకా వంతు ఇంకా రావాలి. ఊపిరితిత్తుల పరీక్ష ఆరు నెలలకోసారి. చెల్లెలికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. ఆమె హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు జబ్బు కాదని తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇచ్చాను, తలసీమియా క్యారియర్ పరీక్ష మాత్రం చేయించమన్నాను. చేయించారు, నార్మల్ వచ్చింది.

మా వార్డులో లుకేమియా రోగి కేస్ షీట్‌లో ఇప్పుడు మూడు తరాల వంశవృక్షం గీసే పేజీ ఉంది. తల్లిదండ్రుల బంధుత్వం దాంట్లో మొదటి గడి. మేనరికం అని ఉంటే తోబుట్టువులతో పాటు తల్లిదండ్రులకూ టైపింగ్ వెళ్తుంది. వాళ్లలో ఎవరైనా సరిపోతే వాళ్ల అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వెళ్తుంది. రిజిస్ట్రీకి (బంధువులు కాని దాతల జాబితాకు) రాసేది ఆ తర్వాతే. జబ్బు అదుపులో లేనివారికి మాత్రం ఈ రెండు పనులూ ఒకే రోజు మొదలుపెడతాం.